సిస్టరు గారి అద్దె ఇళ్ళు

మొన్న బందరు చిలకలపూడిలో ఒక జంటకు ఇల్లు చూపించడానికి వెళ్ళాను. గిల్టు నగలకు మెరుగు పెట్టే కొట్టులోంచి ఆసిడు ఘాటు ముక్కుకు తగలగానే నా మాట సగంలో ఆగిపోయింది. ఇళ్ళ బ్రోకరు నోరు ఆగడం మామూలు విషయం కాదు. కరెంటు పోయిందేమో అన్నట్టు ఇద్దరూ పైకి చూశారు. ఏమీ లేదండీ అని నవ్వేశాను. ఆ సందు చివరి ఇంట్లోనే దయామణి గారు ఉండేవారు.

ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. వీధి మొత్తానికి సిస్టరు గారు. గిల్టు నగల వీధిలో కాపురముండి ఒక్క గిల్టు మాట ఆడని మనిషి. మొగుడి దెబ్బలు భరించలేక బయటికొచ్చిన ఆడవాళ్ళను ఆసుపత్రి పరిచయస్తులో, చర్చివాళ్ళో ఆవిడ దగ్గరికి పంపేవారు. ముందు గదిలో కొన్నాళ్ళు ఉంచుకుని, తరువాత అద్దె గది చూసి, తాను పూచీ ఉండి దింపేవారు. గది వెతకడం నా వంతు. ఊరందరికీ ఇళ్ళు చూపించే నాకు ఇప్పటికీ అద్దె ఇల్లే. "అందుకే నిన్ను పిలుస్తాను శ్రీనూ, అద్దె బాధ తెలిసినవాడివి" అనేవారు, మెచ్చుకున్నారో దెప్పారో తెలియకుండా.

ఇల్లుగలవాళ్ళు మొదట అడిగేది ఒకటే: ఇంటాయన ఏం చేస్తారు? మా వైపు ఒంటరి ఆడమనిషికి ఇల్లు కావాలంటే ఆ లేని ఇంటాయన్ని కువైట్ పంపెయ్యడం బ్రోకర్లకు అలవాటు. వీసా అక్కర్లేని ప్రయాణం. సిస్టరు గారితో వెళ్ళిన మొదటి ఇంట్లో నేనూ అదే చేశాను. ఆ ఇంటి యజమాని మొహం వెలిగిపోయింది.

"కువైట్‌లో ఎక్కడండీ? మా బామ్మరిది అక్కడే!"

నాకు కువైట్‌లో 'కు' తప్ప మిగతాది తెలియదు. నేను నీళ్ళు నములుతుంటే సిస్టరు గారు అందుకున్నారు. "కువైట్ లేదు ఏమీ లేదండీ. ఈ అమ్మాయి మొగుడు బందర్లోనే ఉన్నాడు. కొడుతున్నాడు. అందుకే ఇల్లు కావాలి."

ఇల్లివ్వలేదు. రోడ్డు మీద నేను మొహం ముడుచుకుని నడుస్తుంటే ఆవిడ అన్నారు: "అబద్ధం చెప్పి దిగామనుకో. వాడు తాగొచ్చి గుమ్మం ముందు నిలబడ్డ రోజున ఇంటివాళ్ళు మనమ్మాయినే వెళ్ళగొడతారయ్యా. తెలిసి ఇచ్చినవాళ్ళయితే వాడికి అడ్డం నిలబడతారు."

ఒకరోజు పొద్దున్నే ఫోను చేశారు. "ఈసారి బందర్లో వద్దు. గుడివాడలో చూడు." బస్టాండులో ఆవిడ పక్కన సునీత అనే అమ్మాయి నిలబడి ఉంది. ఎడమ చేతికి పిండికట్టు, మెడ చుట్టూ బిగించిన చున్నీ. దారి పొడుగునా కిటికీలోంచే చూస్తూ కూర్చుంది.

గుడివాడలో ఇల్లుగలావిడ పెద్దావిడ, నోరు మంచిది కాదు గానీ మనసు మంచిదని ముందే విన్నాను. ఇంటాయన సంగతి అడిగింది. కొట్టి చెయ్యి విరిచాడని సిస్టరు గారు చెప్పారు. పెద్దావిడ పిండికట్టు వైపు చూసి చెంగు నడుముకు దోపింది.

"వాడి చెయ్యి పడిపోను! అసలు వాణ్ణి కన్న తల్లెవరో గానీ, ముందు ఆవిణ్ణి అనాలి!"

"అనండమ్మా," అన్నారు సిస్టరు గారు. "ఎదురుగానే ఉన్నాను."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చప్పున పక్కకు చూశాను. సునీత తల ఎత్తలేదు. పెద్దావిడ లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. ఆ గ్లాసుతో పాటే తాళంచెవి కూడా పెట్టింది.

సునీతను అక్కడ వదిలి తిరిగి వస్తుంటే బస్సులో అడిగాను. "మీ అబ్బాయేనాండీ?"

"ఒక్కడే. అవనిగడ్డలో లెక్చరర్." బస్సు టిక్కెట్టు మడతపెడుతూ మళ్ళీ అన్నారు. "మెట్లే లేని పాకల్లోంచి వచ్చి, మెట్ల మీంచి పడ్డామని చెప్పేవాళ్ళు శ్రీనూ ఆసుపత్రిలో. ఒక్కరి మాటా నమ్మేదాన్ని కాదు. మా కోడలు బాత్రూములో జారిపడ్డానంటే మాత్రం నమ్మాను. మళ్ళీ జారానంటే మళ్ళీ నమ్మాను."

వారం తిరక్కుండా ఆ కొడుకు నా బ్రోకరు కొట్టుకు వచ్చాడు. కోరమీసాలూ ఎర్రకళ్ళూ ఊహించుకున్న నాకు ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట కనిపించాయి. "అన్నా, ఇల్లు చూపించింది మీరేనటగా. ఎక్కడో చెప్పండన్నా." మీ అమ్మగారినే అడగండన్నాను. నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళాడు. మధ్యాహ్నం వేళ. సిస్టరు గారు అతన్ని చూసి, కంచం పెట్టి చేపల పులుసు వడ్డించారు.

"కూర్చో. అన్నం తిను. అడ్రసు అడక్కు."

"నేను నీ కొడుకునమ్మా!"

"అందుకే అన్నం. అది నా కోడలు. అందుకే అడ్రసు చెప్పను."

అరుస్తాడనుకున్నాను. శుభ్రంగా తిన్నాడు. చెయ్యి కడుక్కుని, "పర్లేదులే అమ్మా, నేనే వెతుక్కుంటా" అని నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకు కోరమీసాలే నయమనిపించింది. అతను గేటు దాటేదాకా సిస్టరు గారు గుమ్మంలో నిటారుగా నిలబడి, తరువాత అక్కడే గడప మీద కూర్చున్నారు. అతను తిన్న కంచం అక్కడే ఉండిపోయింది. నేను తీశాను.

కిందటేడు ఆవిడ పోయారు. సమాధి దగ్గర అతను వెక్కి వెక్కి ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు; తల్లి కోసం నిజంగానే ఏడ్చాడు. ఆ తడి చేతులతోనే నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, అమ్మ కూడా పోయింది. ఇప్పుడైనా చెప్పన్నా."

మట్టి ఇంకా పూర్తిగా కప్పలేదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "తెలుసండీ. చెప్పను."

సునీత ఇంకా అదే ఇంట్లో ఉంటోంది, అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. పెద్దావిడ ఆమెను సొంత మనిషిలా చూసుకుంటోంది. అడ్రసులు చెప్పి పొట్టపోసుకునే నేను ఆ ఒక్క అడ్రసు మా ఆవిడకు కూడా చెప్పలేదు. గుడివాడలో ఆ పక్కనే ఇల్లు చూపించాల్సి వచ్చినా ఆ వీధిలో అడుగుపెట్టను. చుట్టూ తిరిగి వెళ్తాను, మధ్యమధ్యలో ఆగి వెనక్కి చూసుకుంటూ.