నాన్నమ్మ నిద్రలో దొరికిన తెలుగు

మా అమ్మాయి కాలేజీలో క్రెడిట్ల కోసం తెలుగు తీసుకుంది. భిలాయిలో పుట్టిన పిల్ల, కోపమొచ్చినా హిందీలోనే తిడుతుంది. ఇంట్లో పెద్దవాళ్ల తెలుగు రెండు నిమిషాలు రికార్డు చేసి తెమ్మన్నారట.

ఈ మధ్యాహ్నం ఫోన్ ఎదురుగా పెట్టగానే మా అత్తగారు కొంగు సర్దుకుని, "మేరా నామ్ పైడమ్మ హై" అని మొదలుపెట్టారు. తెలుగులో చెప్పమంటే, "కాలేజీవోళ్ల ముందు మన మాటేటి, సిగ్గు కాదేటే!" అన్నారు. ఎంత బతిమాలినా వినలేదు. నాకు ఒళ్లు మండింది.

కూలర్ గాలికి ఆవిడ కునుకు తీశారు. ఫోన్ ఆపడం మరిచిపోయాం. కాసేపటికి నిద్రలోనే, "ఒలే సిన్నీ, బేగి రాయే, వానొచ్చీసింది" అని ఎవరినో పిలిచారు. ఎప్పటిదో, ఏ ఊరిదో ఒక వాన క్యాంప్ 2 బస్తీలోని మా గదిలో మెల్లగా కురిసినట్టయింది.

లేచాక వినిపించాం. ఆవిడ ఫోన్ చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నారు.

"ఇది నా గొంతు కాదే. మా యమ్మది. సిన్నీ అని నన్నే పిలుత్తంది."

సాయంత్రమైంది. ఫోన్ ఇంకా ఆవిడ చెవి దగ్గరే ఉంది. అసైన్‌మెంట్ రేపే ఇవ్వాలి. ఆ క్రెడిట్లు ఎవరికి వెయ్యాలో మీరే చెప్పండి.