సముద్రానికి దూరంగా, వాదీకి దగ్గరగా

బందరులో పుట్టినదాన్ని. తుఫాను వస్తోందంటే సముద్రానికి వీలైనంత దూరంగా పోవాలని నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. అరేబియా సముద్రంలో వాయుగుండం పుట్టిందని ఫోన్లో కబురు రాగానే, మస్కట్ పక్కనున్న సీబ్‌లో ఒడ్డుకు పది నిమిషాల దూరంలో ఉన్న రూమ్‌లో బ్యాగు సర్దుకున్నాను. మూడు రోజుల సెలవుంది. రూమ్‌మేట్ ఇంటికి వెళ్ళి నెలయింది. "వెళ్దామా, ఉందామా?" అని అడగడానికి ఎవరూ లేరు. ఒమన్‌లో ఎనిమిదేళ్ళుగా నర్సుగా చేస్తున్నా, సెలవు రోజున నాకు ఫోన్ చేసేది డ్యూటీ మార్చుకుంటావా అని అడిగేవాళ్ళే. ఎలాగూ పోవాలి కదా, కొండలైనా చూద్దామని అల్ అమెరాత్ దాటాక ఒక లోయ పల్లెలో రాతి ఇల్లు మాట్లాడుకున్నాను. రెండు రాత్రులకు ముప్ఫై రియాళ్ళు.

తుఫాను ఎటు పోతుందో మాత్రం తేలలేదు. ఒక యాప్ తిన్నగా మస్కట్‌కే అంది, ఇంకొకటి ఇరాన్ వైపు చూపించింది, మూడోది సముద్రంలోనే నీరసిస్తుందంది. తిట్టుకోబోయి, ఒకప్పుడు మా వార్డులో చేరిన వాతావరణ కార్యాలయం పెద్దాయన గుర్తొచ్చి ఊరుకున్నాను. మస్కట్ కర్కాటక రేఖకు కాస్త పైన ఉంది. ఉష్ణమండలం హద్దు దాటే తుఫానుతోనే అసలు తంటా అనేవాడాయన. కింద వేడి సముద్రం దానికి బలం పోస్తుంటే, పక్కనుంచి ఎడారి పొడిగాలి ఆ బలాన్ని తాగేస్తుంది, పైగాలులు దాన్ని ఒకవైపుకు లాగేస్తాయి. ఏది గెలుస్తుందో ఒక పూట ముందు కూడా గట్టిగా చెప్పలేరట. "దారి సరిగ్గా చెప్పినా, వాన ఏ కొండ మీద పడుతుందో చెప్పలేం సిస్టర్" అని కూడా అన్నాడు. ఆ రెండో మాట నేను చెవిన పెట్టలేదు.

ఉదయం ఏడింటికి సీబ్‌లో బస్సెక్కాను. రువి దాకా టికెట్ అర రియాలు. ఖురం దగ్గర కిటికీలోంచి చూస్తే సముద్రం నిద్రపోతున్నట్టే ఉంది. రువి నుంచి షేర్ టాక్సీలో కొండ రోడ్డెక్కి, తొమ్మిదిన్నరకు అమెరాత్‌లో దిగి చాయ్ తాగుతుంటే, "జర జల్ది గుంజుండ్రి!" అన్న కేక వినిపించింది. తెలుగు! ప్రాణం లేచొచ్చింది. ఎండిపోయిన వాగులోంచి, ఇక్కడివాళ్ళ మాటలో వాదీలోంచి, కాంక్రీటు మిక్సర్‌ను గట్టుకు లాగిస్తున్నాడు ఒకాయన. జగిత్యాల దగ్గరివాడు, రాజన్న మేస్త్రి. ఆకాశంలో మబ్బు తునక లేదు.

"యాడికక్కా, గీ టైంల?" అన్నాడు.

"పై లోయలోకి అన్నయ్యా. సముద్రానికి దూరంగా."

"ఉల్టా పోతున్నరు. ఈడ నీళ్ళు సముద్రంకెల్లి రావు, గుట్టల మీదికెల్లి వస్తయి. ఈ వాదీలనే వస్తయి."

"మాది బందరండీ. తుఫాన్లు మాకు కొత్తా?"

"మీ బందర్ల గుట్టలున్నయా అక్కా?"

బందరులో గుట్టల్లేవు. పౌరుషం మాత్రం తగ్గలేదు. టాక్సీ ఎక్కుతుంటే ఏం పని చేస్తానో అడిగి, నర్సునంటే నా నంబరు, పల్లె పేరు కాగితం మీద రాసుకున్నాడు. "సాయంత్రం చేస్త. ఫోన్ లేపకుంటే ఎవలకు చెప్పాలె?" అన్నాడు. "ఎవరూ లేరు అన్నయ్యా" అన్నాను. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

టాక్సీకి ఆరు రియాళ్ళు. పదకొండున్నరకు చేరాను. ఎండిన వాదీ గట్టున ఒంటి అంతస్తు ఇల్లు, వెనక ఖర్జూరపు చెట్లు, చుట్టూ బోడి కొండలు. రెండింటికి ఫోన్ చూస్తే, తుఫాను సముద్రంలోనే బలహీనపడిందట. నా అంత తెలివిగలది లేదనిపించింది. ఎవరితోనైనా చెప్పుకుందామని ఫోన్లో పేర్లన్నీ పైకీ కిందకీ జరిపి, ఎవరికీ చెయ్యకుండానే పక్కన పెట్టేశాను.

మూడున్నరకు దూరపు శిఖరాలు నల్లబడ్డాయి. నా మీద చుక్క వాన లేదు. ఇంటి యజమాని సలీం పరిగెత్తుకొచ్చి, "సిస్టర్, ఊపర్ చలో! వాదీ ఆ రహా హై!" అని హిందీలో అరిచాడు, పైకి పదండి, వాగొచ్చేస్తోందని. చెప్పులు వదిలేసి ఆయన వెనకే ఇంటికి పైనున్న ఎత్తు గట్టెక్కాను. ముందు ఒక హోరు, తర్వాత మట్టిరంగు నీళ్ళు, నీళ్ళలో చెట్ల మొదళ్ళు. చూస్తుండగానే నేను తలుపు తీసి వచ్చిన గదిలోకి నీళ్ళు దూరాయి. కరెంటు పోయింది, సిగ్నల్ పోయింది. గట్టు మీది వాళ్ళింట్లో సలీం భార్య అన్నం పెట్టి, తన పక్కనే పరుపు వేసింది. నేనేమైపోయినా బయటి ప్రపంచంలో ఎవరికీ పట్టదన్న ఆలోచనతో నిద్ర పట్టలేదు.

మర్నాడు పదింటికి నీళ్ళు మోకాటి లోతుకు దిగాయి. అవతలి ఒడ్డున కంపెనీ పికప్ ఆగింది. ప్యాంటు పైకి మడిచి, ఒకాయన కర్రతో లోతు చూసుకుంటూ దాటి వస్తున్నాడు. రాజన్న. సగం డ్యూటీ వదులుకుని వచ్చాడట.

"నాలుగుసార్లు చేసిన, కలువలే. ఎవలు లేరంటిరి గదా, ఇగ నేనే ఒచ్చిన," అన్నాడు. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ, "మీ పేరు ఏందక్కా? అడుగుడే మరిచిన. నర్సు, నర్సు అనుకుంట అవుతలి గట్టుకు ఇండ్లిండ్లు తిరిగిన."

ఆయన జేబులోని కాగితం అడిగి తీసుకుని, నా నంబరు పక్కన పేరు రాసిచ్చాను.

ఇటు వచ్చే ఆలోచన ఉన్నవాళ్ళకు ఒక్క సలహా. తుఫాను ఎటు పోతుందని ఫోన్‌ను అడగండి, తప్పులేదు, కానీ గది మాట్లాడుకునే ముందు "వానొస్తే నీళ్ళు ఎటు నుంచి వస్తాయి?" అని అక్కడ ఉండేవాళ్ళను అడగండి. వాళ్ళు ఏ గట్టు చూపిస్తే ఆ గట్టు మీదే దిగండి.

యాప్‌లను నేనిప్పుడు తిట్టడం లేదు. అవి కనీసం పూటకోసారి తమ అంచనా మార్చుకుంటాయి. నేను కనిపించకపోతే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఎవరూ లేరని నేను వేసుకున్న అంచనాను మాత్రం, ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ సరిచూసుకోలేదు.