మా ఇంట్లో ఏడవకూడదన్న రోజులు

వేదాంతం చెప్పేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నల్లగొండ కాలేజీలో లావుపాటి పుస్తకాలు చదివినా ఆ మంట తగ్గలేదు. చాలామటుకు ఉత్త మాటలే. అయినా ఎవరైనా తంబూర మీటి తత్వం ఎత్తుకుంటే చాలు, నా కళ్లు వాటంతటవే మూతలు పడతాయి. ఏం చేయను, ఆ పాటల్లోనే పెరిగాను.

దేవరకొండ దగ్గర మా ఊరు. ఎనభైలలో, ఆముదాలు కొట్టడం అయిపోయిన ఎండాకాలం మధ్యాహ్నాలు బాపు, ఆయనతోపాటు గురువు దగ్గర బోధ తీసుకున్నవాళ్లు మా పందిరి కింద చేరేవాళ్లు. లోకం లేదు, పుట్టుక లేదు, ఉన్నదంతా ఏమీలేని బట్టబయలే అని పాడేవాళ్లు. పందిరి సందుల్లోంచి పడ్డ ఎండ ముక్కలు వాళ్ల మీద మెల్లగా జరిగేవి. గడప మీద పడుకుని వింటుంటే నేను కూడా లేనేమో అనిపించేది. నిజం చెప్పొద్దూ, భలే సుఖంగా ఉండేది.

అట్లాంటి ఒక ఎండాకాలంలో నాకు చెల్లెలు పుట్టింది. నెల తిరగకముందే జ్వరమొచ్చి, దవాఖానకు తీసుకుపోయేలోపే పోయింది. బోధ తీసుకున్న ఇంట్లో చావుకు ఏడవకూడదని వాళ్ల పట్టింపు. బాపు ఆ పసిగుడ్డును భుజాన వేసుకుని, తత్వాలు పాడుకుంటూనే తీసుకెళ్లి పూడ్చి వచ్చాడు. నోట్లో కొంగు కుక్కుకున్న అమ్మతో, "ఏడ్వకు. పుట్టనే లేదు, ఇగ సచ్చుడేంది?" అన్నాడు.

అమ్మ ఏడవలేదు. బాపుతో మాట్లాడటం మాత్రం మానేసింది. అన్నం పెట్టేది, నీళ్లు తోడేది, ఏదైనా చెప్పాలంటే నాతో చెప్పించేది. ఇల్లంతా నిద్రలో నడుస్తున్నట్టుండేది. అమ్మ ఇక ఎప్పటికీ ఆయనతో మాట్లాడదేమోనని నాకు ఒకటే దడ.

కొన్నాళ్లకే పందిరి కింద మళ్లీ పాట మొదలైంది. మగవాళ్ల మధ్యకు ఎన్నడూ రాని అమ్మ వచ్చి బాపు ఎదురుగా నిలబడింది. రైక ముందంతా తడిసిపోయి ఉంది.

"పిల్ల పుట్టనే లేదంటివి గదా. మరి గీ పాలు ఎవలికొస్తున్నయ్? చెప్పు."

తాళాలు ఆగాయి. వాళ్లలో పెద్దాయన గొంతు సవరించుకుని, "గదంతా భ్రాంతి బిడ్డా..." అని మొదలుపెట్టాడు.

"నువ్వు జర ఊకో కాకా!" అన్నాడు బాపు. తంబూర కింద పెట్టాడు. అమ్మ ముఖంలోకి చూశాడు.

"దాని ముక్కు నీ లెక్కనే ఉండె," అని భోరుమన్నాడు.

అమ్మ అక్కడే మట్టిలో కూలబడింది. "నా లెక్క యాడిది? నీ లెక్కనే ఉండె," అంటూ గొంతెత్తి ఏడ్చింది.