సోఫా స్పాంజితో కుమ్హారి దాకా

అది శ్రీరామనవమి వెళ్లాక వచ్చిన మొదటి ఆదివారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలవని ఇప్పుడు మేముండే కోహ్కాలో మా ఇంటి పిల్లలు అడుగుతారు. ఆ రోజుల్లో నేను భిలాయి ఉక్కు ప్లాంటు టైమ్ ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాని. ఎవరు ఎప్పుడు గేటు దాటారో రాయడమే నా ఉద్యోగం. ఆ అలవాటు ఆఫీసులో ఆగకుండా ఇంటికి కూడా వచ్చేసింది. కూర ఎప్పుడు పొయ్యెక్కిందో, పాలవాడు ఎన్ని నిమిషాలు ఆలస్యమో అడక్కుండానే చెప్పేదాన్ని. అందుకే మా బాబాయి నన్ను "గడియారం" అనేవాడు. భిలాయిలో అప్పట్లో అందరి జీవితాలూ ప్లాంటు సైరను ప్రకారం నడిచేవి. ఒక్క మా బాబాయి కారు మాత్రం తనకు ఇష్టమైనప్పుడు నడిచేది.

ఆ కారు గురించి చెప్పాలి. రెండే సీట్లు, పైన కప్పు లేదు, ముందు పొడుగాటి మూతి. ఇంగ్లండులో పందేల కుర్రాళ్ల కోసం తయారైన బండి ఎలా వచ్చిందో ఏమో, రాయపూరు వైపు ఒక పాత జమీందారు గారి షెడ్డులో కోళ్లకు పడకగదిగా ఉండేది. మెషిన్ షాపులో ఫిట్టరుగా పనిచేసే బాబాయి దాన్ని చూసి మనసు పారేసుకున్నాడు. ముక్కలు ముక్కలుగా విప్పి, కడిగి, కొన్ని భాగాలు తానే చేసి, మళ్లీ బిగించాడు. సైకిళ్లూ స్కూటర్లూ తప్ప వేరే బండి ఎరగని మా క్వార్టర్ల వీధిలో అది నిలబడితే, పెళ్లికొడుకు తప్పు విడిదికి వచ్చినట్టు ఉండేది. మామ్మ మాత్రం దాన్ని నీళ్లతొట్టె అనేది. (కప్పు లేదు కనుక వానాకాలంలో ఆ మాట నిజమే.)

దాని జబ్బు ఒకటే, ఊపిరాడకపోవడం. ఇంజనుకు రెండు కార్బ్యురేటర్లు. రెండింటి ముక్కులకూ రెండు స్పాంజి ఫిల్టర్లు, పెద్ద గారెల్లా మధ్యలో కన్నంతో. ఇంజను పీల్చే గాలిలో దుమ్ము ఆ స్పాంజిలో చిక్కుకోవాలి. ఇంగ్లండులో దుమ్ము ఎంతుంటుందో నాకు తెలియదు. మా ఊళ్లో ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి గులాబీరంగు తిరిగేది. అలాంటి ఎర్రదుమ్ము తిని తిని ఆ గారెలు ఇటుకల్లా బిగుసుకునేవి. బండి నల్లగా పొగ వదిలి, రెండుసార్లు దగ్గి, ఉన్నచోటే ఆగిపోయేది.

అలా ఆగిన ఆఖరిసారి అందులో మా పిన్ని ఉంది, పట్టుచీరతో. బారసాలకి బయలుదేరిన మనిషి సగం దారిలో కూరగాయల ఠేలాబండి ఎక్కి, సొరకాయల మధ్య కూర్చుని బారసాలకి చేరింది. ఇంటికొచ్చి గొంతు పెంచకుండా తీర్పు చెప్పింది. వచ్చే ఆదివారం రాయపూరు దారిలో ఉన్న కుమ్హారి దాకా వెళ్లి రావాలి. దారిలో ఒక్కసారి ఆగినా, సోమవారం పొద్దున్న పవర్ హౌస్ బజారులో పాత ఇనుము కొనే కబాడీవాడికి కబురు పెడుతుంది. పిన్ని ఉత్తుత్తి మాట అనే మనిషి కాదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ వారమంతా బాబాయి అన్నం కలుపుకుని, తినడం మరిచిపోయి, కిటికీలోంచి కారును చూస్తూ కూర్చునేవాడు. నలభై ఏళ్ల మగమనిషి అలా ఉంటే నాకు నవ్వూ వచ్చేది, జాలీ వేసేది.

పందేనికి న్యాయనిర్ణేతను నేను. నేను ఒప్పుకునే ముందు, ఆగడమంటే ఏమిటో తేల్చమన్నాను. ఎడ్లబండి అడ్డొచ్చి బ్రేకు వేస్తే ఆగినట్టా, గేదె అడ్డొస్తే ఆగినట్టా అని అడిగాను. పిన్ని, మనిషి ఆపితే లెక్కలేదు, చక్రం దానంతటది తిరగడం మానితే ఆగినట్టు అంది. ఇద్దరూ ఒప్పుకున్నారు. సరే అన్నాను.

ఇక ఆ ఆదివారం ఆరు నలభైకి బాబాయి ఫిల్టర్లు విప్పాడు. వాటిని శుభ్రం చేసే పని నాది, ఎందుకంటే తూకం తప్పని చెయ్యి నాదేనని ఆయన నమ్మకం. ముందు కిరసనాయిలులో నానబెట్టి, పాత జిడ్డు వదిలేదాకా అరచేతుల మధ్య నొక్కాలి. బట్టలా మెలిపెట్టి పిండితే చిరిగిపోతుంది. తర్వాత సబ్బునీళ్లు, తర్వాత మంచినీళ్లు, నీళ్లు తేటగా వచ్చేదాకా. నీడలో ఆరాక నూనె పట్టించి, ఎక్కువైనది నొక్కి తీసెయ్యాలి. నూనె తడి లేని స్పాంజి దుమ్మును ఆపదు, నూనె ఓడే స్పాంజి గాలిని రానివ్వదు. నేను రెండింటినీ ఐదు నీళ్లు మార్చి కడిగి, వెనకవైపు అరుగు మీద పీట వేసి ఆరబెట్టాను. చక్కగా మెత్తగా, పురిటిస్నానం అయిన కవల పిల్లల్లా ఉన్నాయి. కాకపోతే కిరసనాయిలు వాసన ఇంకా వదల్లేదు.

ఆదివారం మా ఇంట్లో తలంటు రోజు. విజయనగరం నుంచి మామ్మ ప్లాంటు దాకా మోసుకొచ్చిన పద్ధతులన్నీ ఆ పూట బయటికొచ్చేవి. అందరికీ కుంకుడుకాయ పులుసు, ఆ తర్వాత నిప్పుల మీద సాంబ్రాణి, ఆ నిప్పుల మీద బోర్లించిన వెదురుగంప, ఆ గంప మీద తడిజుట్టు. మామ్మ అరుగు మీదికొచ్చి రెండు తడి గారెల్ని చూసింది. వాసన చూసింది. కొడుకు జీవితంలో అది ముఖ్యమైన రోజని ఆవిడకీ తెలుసు. సాయం చేద్దామనుకుంది. రెండింటినీ తీసి గంప మీద పెట్టింది.

నేను వంటింట్లో కాఫీ చల్లారుస్తున్నాను. దీపావళికి మతాబు అంటుకున్నట్టు బుస్సుమని శబ్దం, గోడ మీద పచ్చటి వెలుగు. పరిగెత్తుకెళ్లేసరికి గంప కింద రెండు నల్లటి చుక్కలు మిగిలాయి. గంపకు అడుగు లేదు. మామ్మకు ఒక్క వెంట్రుక కూడా కాలలేదు. బాబాయి వచ్చి ఆ చుక్కల్ని చూసి మెట్టు మీద కూలబడ్డాడు. మామ్మ కొడుకును ఓదార్చింది.

"వాసనైతే పోయింది కదరా."

అప్పటికి ఏడు ముప్పావు. ప్రయాణం తొమ్మిదింటికి. ఆ ఫిల్టర్లు దొరికే ఊరు మాకు తెలిసినంతలో కలకత్తా. ఫిల్టర్లు లేకుండా నడిపితే కుమ్హారి చేరేలోపు ఇంజను ఊరి దుమ్మంతా తినేస్తుంది. బాబాయి చూపు ఇల్లంతా తిరిగి ముందుగదిలో ఒకచోట ఆగింది. అక్కడ పిన్ని సోఫా ఉంది. కొని ఎనిమిది నెలలైనా దాని ప్లాస్టిక్ తొడుగు విప్పలేదు. దాని మీద చుట్టాలు కూడా అనుమతి అడిగి కూర్చునేవారు. పిన్ని కూరల కోసం పవర్ హౌస్ బజారుకు వెళ్లింది. బాబాయి నా మొహం చూశాడు. న్యాయనిర్ణేతనైన నేను ఇలాంటి దాంట్లో వేలు పెట్టకూడదు అన్నాను. ఆయన సరేనని కత్తెర తీసుకుని, వంకర టింకరగా కొయ్యడం మొదలుపెట్టాడు. వంకరగా కోస్తుంటే నేను చూడలేను. కత్తెర లాక్కుని, పిన్ని కుట్టుమిషను టేపుతో కొలిచి, బయటి గీతకు పళ్లెం, లోపలి గీతకు స్టీలు గ్లాసు బోర్లించి, రెండు ముక్కలూ ఒక్క నూలు తేడా లేకుండా కోశాను. మిగిలిన కుషనును తిరగేసి సర్దాం. మామ్మ దాని మీద కూర్చుని విసనకర్ర పట్టుకుంది, ఎవరూ పరీక్షగా చూడకుండా.

ఏ నూనె పట్టించాలన్న దగ్గర మామ్మ ఆముదమంది, పసిపిల్లల మాడుకి అదే శ్రేష్ఠమని. బాబాయి ఇంజను ఆయిలే అన్నాడు. ఒక చిన్న గరిటెడు చొప్పున పట్టించి, పాత పేపర్ల మధ్య పెట్టి నొక్కాం. పసుపుపచ్చ స్పాంజి టీ రంగుకు తిరిగింది. ఎనిమిది యాభైకి బిగించడం అయింది.

తొమ్మిదింటికి పిన్ని మల్లెదండ పెట్టుకుని, ఓడిపోయే కారును సాగనంపడానికి వెళ్తున్నట్టు ఎక్కింది. నేను సీట్ల వెనక సామాన్లు పెట్టుకునే చోట మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాను. బండి కదిలింది. దగ్గలేదు. పెద్దరోడ్డెక్కాక బాబాయి ధైర్యం చేసి కాలు నొక్కాడు. ఆ బండి అంత చక్కగా పరిగెత్తడం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ట్రక్కుల పక్క నుంచి, ఆటోల పక్క నుంచి దూసుకుపోయాం. కుమ్హారి ఇవతల గాలికి పిన్ని జడలోంచి మల్లెదండ ఊడి ఎగిరిపోయింది. తిడుతుందనుకుని నేను కళ్లు మూసుకున్నాను. నవ్వు వినపడింది. పిన్ని అంత గట్టిగా నవ్వగలదని నాకు అప్పటిదాకా తెలియదు. బాబాయికీ తెలియదనుకుంటాను, ఆయన రోడ్డు మానేసి ఆవిడనే చూశాడు. ముందు లారీ ఉందని నేను గుర్తు చెయ్యాల్సి వచ్చింది.

కుమ్హారిలో ఆగకుండా వెడల్పుగా తిరిగి ఇంటిముఖం పట్టాం. అక్కడే మొదటి దగ్గు. సోఫా స్పాంజికి పెట్రోలు పడదని మాకు అప్పుడు తెలియదు. ఇంజను దగ్గినప్పుడల్లా వెనక్కి చిమ్మే పెట్రోలుకు అది ఉబ్బి, మెత్తబడి, ముక్కలుగా రాలుతుంది. బానెట్ పక్క చీలికల్లోంచి టీరంగు తునకలు, మధ్యమధ్య నూనె అంటని పసుపుపచ్చవి, గాలికి లేచి పిన్ని ఒళ్లో పడ్డాయి. ఒకటి తీసి చూసింది.

"ఏటండీ ఇది?"

బాబాయి రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, రేలపువ్వులు రాలే కాలం కదా అన్నాడు. పిన్ని దాన్ని రెండు వేళ్ల మధ్య నొక్కి వదిలింది. అది మళ్లీ లేచింది.

"రేలపువ్వు నొక్కితే మళ్లీ లేస్తాదేటి?"

పిన్ని ఆ తునకను వాసన చూసింది, వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను కుట్టుమిషను టేపు ఇంకా మెడలోనే వేలాడేసుకుని ఉన్నాను. ఆవిడకు మొత్తం అర్థమైపోయింది. పవర్ హౌస్ దాకా ఒళ్లో తునకల్ని ఒక్కొక్కటీ ఏరి బయట పారేసింది. అది చూస్తేనే ఎక్కువ భయమేసింది.

సరిగ్గా పవర్ హౌస్ బజారు ముందు, సందడిగా ఉండే చోట, ఇంజను చచ్చిపోయింది. శబ్దమంతా పోయి చక్రాల కిర్రు మాత్రం మిగిలింది. బండి నెమ్మదిస్తోంది. కబాడీవాడి దుకాణం ఎడమచేతివైపే, తలుపులు బార్లా తెరిచి ఉంది. బాబాయి స్టీరింగు మీద తల వాల్చేశాడు. "నీ ఇష్టమే. నేనింక ఏమీ అనను," అన్నాడు. అప్పుడు పక్కన తలుపు తెరుచుకుంది. పిన్ని కదులుతున్న బండిలోంచి దిగి, కొంగు నడుముకి దోపి, వెనక్కొచ్చి రెండు చేతులూ ఆనించి తొయ్యడం మొదలుపెట్టింది.

"సోఫా ఎలాగూ పోయింది. ఇప్పుడిది ఆగిందంటే ఇదీ పోతాది. ఒక్క పూటలో రెండు పోగొట్టుకోడానికి నేనేటి వెర్రిదాన్నా? నువ్వు కిందకి దిగి చక్రం చూడు, గడియారం."

దిగాను. వంగి, వెనక చక్రం మీద కళ్లు పెట్టి, బండి పక్కనే పీతలా నడిచాను. బాబాయి ఒకచేత్తో స్టీరింగు పట్టుకుని బయటినుంచి తోస్తున్నాడు. కళ్లు మాత్రం తుడుచుకోలేకపోతున్నాడు, చెయ్యి ఖాళీ లేక. ఇద్దరు ఆటోవాళ్లు చూసి, "రుకో దీదీ, హమ్ ధక్కా దేతే హైఁ" అంటూ తొయ్యడానికి వచ్చారు. రుకో అన్న మాటకే పిన్నికి కోపమొచ్చింది. ఆపమని మాత్రం అనొద్దు, కావాలంటే తొయ్యండి అని హిందీలో గదమాయించింది. ఇద్దరు కాస్తా ఆరుగురయ్యారు. అరటిపళ్లమ్మే ఆవిడ కూడా ఒక చెయ్యి వేసింది. ఎందుకు తోస్తున్నారో, ఎక్కడికో ఎవరూ అడగలేదు. మొదటి మలుపు దగ్గర పిన్ని ఎడమకాలి చెప్పు ఊడిపోయింది. తియ్యడానికి ఆగలేదు. మా వీధి మొదట్లో చిన్న ఎగుడు దగ్గర చక్రం ఎంత నెమ్మదించిందంటే, తిరుగుతోందో లేదో తెలియక నేను దాని మీది మట్టిబెడ్డనే చూస్తున్నాను. ఆ బెడ్డ కదిలింది. కదులుతూనే ఉంది.

గుమ్మం ముందు బాబాయి బ్రేకు వేశాడు. మనిషి ఆపితే లెక్కలేదు. అందరూ నావైపు చూశారు. ఇంజను చచ్చినట్టా కాదా అని ఎవరూ నన్ను అడగలేదు, అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో. "చక్రం ఆగలేదు," అన్నాను. పిన్ని రొప్పుతూ, విన్నారుగా అన్నట్టు వీధిలో అందరివైపూ చూసింది. తోసినవాళ్లందరికీ మామ్మ మజ్జిగ ఇచ్చింది.

ఆ కారు ఇంకా పదకొండేళ్లు మా ఇంట్లో ఉంది. కొత్త ఫిల్టర్లు కలకత్తా నుంచి తెప్పించాక వాటిని కడిగే పని పిన్ని నా చేతిలోంచి తీసేసుకుంది. నీడలో, గంపకు దూరంగా ఆరబెట్టేది. ప్రతి ఆదివారం కుమ్హారి దాకా వెళ్లొచ్చేవాళ్లు ఇద్దరూ, న్యాయనిర్ణేత లేకుండా. నిమిషం తేడా వస్తే నిద్రపట్టని ఆ పిల్ల, అటువంటి తీర్పు అంత తేలిగ్గా ఎలా చెప్పిందా అని ఇప్పుడు అనుకుంటే నాకు నవ్వొస్తుంది. ఈ వయసులో అడిగినా అదే చెబుతాను.

ఆ రోజు పోయినవి: స్పాంజి ఫిల్టర్లు రెండు. సాంబ్రాణి గంప ఒకటి. సోఫా కుషను ఒకటి. మల్లెదండ మూరెడు. పిన్ని చెప్పు, ఎడమది. ఆ తర్వాత పోయినవాళ్లను ఈ లెక్కలో కలపలేదు.