అక్కి నొప్పి, ట్రమడాల్, నేను

ఆ రోజు నేను చిత్తూరు నుంచి తిరుపతి వెళ్లే బస్సులో కండక్టరు డ్యూటీలో ఉన్నాను. పాకాల దాటేసరికి ఎడమ పక్కటెముకల మీద మంట మొదలైంది. టికెట్ల సంచి పట్టీ ఒరుసుకుందేమోనని సంచిని రెండో భుజానికి మార్చాను. చంద్రగిరి వచ్చినా మంట తగ్గలేదు. చొక్కా తగిలితే చాలు, ఒంటి మీద కారం చల్లినట్టుంది.

రెండు మూడు రోజుల్లో అక్కడ నీటి పొక్కులు లేచాయి, వీపు నుంచి రొమ్ము దాకా సగం పట్టీ చుట్టినట్టు. మా అమ్మ చూసి, "ఒరే నాయనా, ఇది అక్కిరా. కుమ్మరాయన దెగ్గిర ఎర్రమన్నుతో సింహం బొమ్మ రాయించుకుంటే పోతాది" అంది. రాయించుకున్నాను. సింహం బొమ్మ చక్కగా కుదిరింది గానీ, మంట ఆ సింహానికి ఏమీ భయపడలేదు. చివరికి నా భార్య సరోజ నన్ను చిత్తూరులోనే ఒక డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది.

"హెర్పిస్ జోస్టర్. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?" అని ఆయన అడిగాడు. పోసిందన్నాను. "ఆ వైరస్సే ఇన్నేళ్లు నరంలో నిద్రపోయి ఇప్పుడు లేచింది. పొక్కులు లేచిన రోజే వచ్చుంటే ఇంకా బాగుండేది" అంటూ ఎసైక్లోవిర్ మాత్రలు రాశాడు.

పొక్కులు ఎండి రాలిపోయాయి. నొప్పి మాత్రం పోలేదు. బనియను తొడుక్కోలేను, ఫ్యాను గాలికి నిలవలేను. సెలవు పెట్టి ఇంట్లో చొక్కా లేకుండా తిరుగుతుంటే, వచ్చినవాళ్లంతా "పూజలో ఉన్నావా అప్పా?" అని అడిగేవాళ్లు. తిరుపతిలో ఒక డాక్టరమ్మ బాగా చూస్తుందంటే వెళ్లాం. ఎక్స్‌రే తీశారు, షుగర్ టెస్టు చేశారు. అన్నీ నార్మల్.

"పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా అంటారు. పుండు మానింది గానీ నరం ఇంకా అరుస్తోంది" అని ఆవిడ చెప్పింది. ముందు వేరే మాత్రలు వాడి చూశాం. అవి చాలకపోయేసరికి ట్రమడాల్ క్యాప్సూల్స్ రాసింది. రాసి, పెన్ను పక్కనపెట్టి నావైపు తిరిగింది.

"ఇది ఓపియాయిడ్ మందు, నల్లమందు జాతిది. నొప్పి తగ్గిస్తుంది. మత్తు, వాంతి, మలబద్ధకం కూడా రావచ్చు. బ్రాందీ, నిద్రమాత్రలు దీంతో కలవకూడదు, ఊపిరే నెమ్మదించిపోతుంది. మీ అంతట మీరు పెంచొద్దు, ఆపొద్దు."

మొదటి రోజు తిన్నదంతా వాంతి అయింది. ఆ తర్వాత కడుపు కుదుటపడింది. ఒక పొద్దున చొక్కా తొడుక్కుని వాకిట్లోకి వచ్చాను. సరోజ ముగ్గు వేస్తూ తలెత్తి చూసి, ముగ్గుపిండి చేతులతోనే కళ్లు తుడుచుకుంది. ఆ పూట ఎన్నాళ్ల తర్వాతో రాగిసంకటి రుచి తెలిసింది.

మలబద్ధకం మాత్రం మా ఇంటి వార్త అయి కూర్చుంది. ఒకరు బొప్పాయి తెచ్చేవారు, ఇంకొకరు అంజూర్ తెచ్చేవారు. పొద్దున్నే మా అమ్మ వాకిట్లోంచే, "ఏమ్రా, ఈ పొద్దన్నా బండి కదిలిందా?" అని వీధికంతా వినబడేట్టు అడిగేది. డాక్టరమ్మ విరేచనం మందు రాసిన తర్వాతే ఆ వార్త ఆగింది.

ఆ రోజుల్లోనే నగరిలో మగ్గాల షెడ్డు నడిపే నా బావమరిది చూడటానికొచ్చాడు. "నడుము పట్టుకోనుండాది అక్కా, బావ మందు ఒకటియ్యి" అన్నాడు.

సరోజ డబ్బా తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. "నీకు ఉబ్బసం ఉండాది గదరా! ఊపిరి బాగా ఆడేవోళ్లకే ఈ మందుతో బయమని డాక్టరమ్మ సెప్పింది. నీ నొప్పికి నువ్వు డాక్టర్ని సూసుకో."

కొన్ని నెలలకు నేను మళ్లీ డ్యూటీకి తయారవుతున్నాను. ఇంతలో ఏర్పేడులో మా చెల్లెలి కూతురి పెళ్లి వచ్చింది. హడావిడిలో మందు డబ్బా బీరువాలోనే ఉండిపోయింది. సరోజ పెట్టిందని నేను, నేను పెట్టుకున్నానని సరోజ అనుకున్నాం. అక్కడ పడుకునే ముందు సంచి వెతికితేగానీ సంగతి తెలియలేదు. ఒక రాత్రి వేసుకోకపోతే ఏమవుతుందిలే అనుకున్నాం.

మర్నాడు ముహూర్తం వేళకి ఆవులింతలు ఆగవు. ముక్కు, కళ్లు కారుతున్నాయి. చెమటలు, కాళ్లలో గుంజుడు. అప్పగింతల్లో నేను కూలబడి కళ్లొత్తుకుంటుంటే పెళ్లివాళ్లంతా కదిలిపోయారు. "మేనమామంటే ఈయనప్పా! కన్నతండ్రి కూడా ఇట్ల ఏడవలా!" అన్నాడొక పెద్దాయన. మా చెల్లెలు నన్ను పట్టుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది. నాకు దుఃఖం కాదు, భయం. నేను మత్తుకు బానిసనైపోయానా?

అక్కణ్ణుంచే నేరుగా తిరుపతి వెళ్లాం. డాక్టరమ్మ పెళ్లి సంగతి విని నవ్వేసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది: "రాసినట్టే వాడినా ఒళ్లు దీనికి అలవాటు పడుతుంది. దాన్ని డిపెండెన్స్ అంటాం. అవసరం లేకపోయినా మత్తు కోసం వెతుక్కోవడం వేరు. మీరు వెతుక్కోలేదు, మర్చిపోయారు! ఒక్కసారిగా కాదు, మెట్టు మెట్టుగా తగ్గిద్దాం."

డోసు కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చింది. మధ్యలో ముసురు పట్టిన వారం నొప్పి మళ్లీ తిరగబడింది. ఇంక నావల్ల కాదనుకున్నాను. "ఆ డోసు దగ్గరే కొన్నాళ్లు ఆగండి. ఆగడం అంటే ఓడిపోవడం కాదు" అంది డాక్టరమ్మ. ఆగాను. ఎండ కాశాక మళ్లీ తగ్గించాం. ఒక రోజు క్యాప్సూల్ లేకుండానే తెల్లవారింది. ఆవులింతలు లేవు. ఆకలి మాత్రం దండిగా ఉంది.

ఇప్పుడు అదే రూటులో పనిచేస్తున్నాను. చలికాలంలో పక్కటెముకల దగ్గర చురుక్కుమంటుంది, అంతే. ఎక్స్‌రే కవర్లు పట్టుకుని తిరుపతి ఆసుపత్రులకు వెళ్లేవాళ్లు రోజూ బస్సెక్కుతుంటారు. వాళ్లకు చెప్పే మాటే మీకూ చెబుతున్నాను. ఆ మందు నన్ను మనిషిని చేసింది, దాన్ని చూసి భయపడొద్దు. కానీ గట్టి నొప్పి మందు రాసిన రోజే, "దీన్ని ఎప్పుడు, ఎలా మానాల?" అని డాక్టర్ని అడగండి. అలా అడిగితే మంచి డాక్టరెవరూ కోప్పడరు. కోప్పడ్డారా, ఇంకో డాక్టరుండే ఊరికి బస్సు ఉండనే ఉంది.