మూత తీయని పాన్‌దాన్

మొన్న మారేడ్‌పల్లిలో ఎవరో తమలపాకుకు తడి సున్నం రాస్తున్నారు. ఆ వాసనకు నా అడుగు ఆగిపోయింది. ఇన్నేళ్లయినా అది నన్ను బిల్కీస్ ఖాలా గుమ్మంలోనే నిలబెడుతుంది.

బోయిన్‌పల్లిలో ఆమెది మా ఎదురిల్లు. పిన్ని వరసన ఖాలా అనేదాన్ని. మూడో తరగతితో నా బడి ఆగిపోయాక కుట్టుపని నేర్పింది ఆమే. జానెడు దారం కూడా పారేయనిచ్చేది కాదు. నా పొదుపు అక్కడిదే. ఆ ఇంట్లో "ఇక వెళ్లండి" అనే మాట ఉండదు. తమలపాకుల పాన్‌దాన్ మూత తీసి ఆకు చుట్టి ఇస్తే వచ్చినవాళ్లు లేవాలి. ఇవ్వకపోతే కూర్చోవాలి. మా అమ్మకు ఇది నచ్చేది కాదు. "మనసుల మాట నోటితోటి చెప్పాలె గని, గీ ఆకులతోటి ఏందే?" అనేది.

రజాకార్ల రోజులు. ఒక మధ్యాహ్నం అమ్మ ఇంటికి తాళం వేసి నన్ను తీసుకుపోవడానికి వచ్చింది. ఖాలా కూర్చోబెట్టింది. చాయ్ అయింది, తొక్కు పచ్చళ్ల ముచ్చటా అయింది. పాన్‌దాన్ మూత మాత్రం లేవలేదు. ఖాలా అరచేయి దాని మీదే ఉంది.

"ఏం బిల్కీసు, రెండాకులకు సుత కరువొచ్చిందా?" అంటూ అమ్మ నా రెక్క పట్టుకుని లేచింది.

"జెర కూసో బహెన్. ఇంకో కప్పు చాయ్ పెడ్త."

"ఇంకెన్ని కప్పులు? ఇది కడుపా, కుండనా?"

"అమ్మా, పోవద్దంటున్నది" అన్నాను.

"ఎప్పుడన్నదే? నాకు చెవుల్లేవా?" అమ్మ గడియ మీద చేయి వేసింది.

అప్పుడే వీధిలో కర్రల చప్పుడు. మా ఇంటి తలుపు మీద దెబ్బలు. "తాళం పలగ్గొట్టుండ్రి!" ఆ గొంతు ఖాలా కొడుకుది. పొద్దున నాకు జామకాయ ఇచ్చినవాడిది. అమ్మ గడియ మీంచి చేయి తీసి నన్ను వెనక్కి లాగింది. ఖాలా తలెత్తలేదు. కన్నకొడుకు మీ మీదికి వస్తున్నాడని ఏ తల్లి నోటితో చెబుతుంది? మూత మీంచి ఆ చేయి తీయలేదు.

మిలిటరీ వచ్చాక కాలం తిరగబడింది. కొడుకు ఎటో పారిపోయాడు. ఈసారి కర్రలు ఖాలా తలుపు మీద పడ్డాయి. ఆమె దొడ్డిదారిన మా ఇంటికి వచ్చి, తన కుట్టు కత్తెర నా చేతిలో పెట్టింది.

"బిడ్డకిద్దామని వచ్చిన. పోతున్న బహెన్."

ఎక్కడికో చెప్పలేదు. అమ్మ అడగలేదు. లేచి తమలపాకుల పళ్లెం తీసింది. వెళ్లిపొమ్మంటోందనుకుని బిత్తరపోయాను. అమ్మ ఆ పళ్లేన్ని అటక మీదికి, చేతికందనంత లోపలికి తోసేసింది.

"తొక్కుతోటి అన్నం కలుపుత" అంది.

ఖాలా అటక వైపు చూసింది. కూర్చుంది. పదకొండు రోజులు మా ఇంట్లోనే ఉంది.

నేను కటువు మనిషినని కోడళ్లంటారు. అననీ. ఎవరైనా "పోయొస్తా" అంటే మాత్రం ఇప్పటికీ ముందు వాళ్ల చేతులు చూస్తాను. కత్తెర ఇంకా బాగానే తెగుతుంది.