ఎనిమిదో వంతు వెలుగు

ఫొటోల బాబాయ్ అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. కొట్టు చిన్నది, నోరు పెద్దది. ఆయన కెమెరా ఒక కంపెనీది, ఫ్లాష్ ఇంకో కంపెనీది. "అన్నిటికీ పనిచేస్తుంది సార్" అని చెప్పి అంటగట్టాడు అమ్మినవాడు. అబద్ధమేమీ కాదు, కెమెరా నొక్కితే ఫ్లాష్ వెలిగేది. కానీ ఎంత వెలగాలో కెమెరా మెనూలోంచి చెబితే మాత్రం ససేమిరా వినేది కాదు. మెనూ తెరిచినప్పుడల్లా 'ఈ ఫ్లాష్ సరిపడదు' అని ఒకటే పాట.

ఆ లోటు తెలియకుండా పద్నాలుగేళ్లు నెట్టుకొచ్చింది ఆయన భార్య. స్టాండుకి బిగించిన ఫ్లాష్ పక్కన ఆవిడ, ఎనిమిదడుగుల దూరంలో కెమెరా వెనక ఈయన. "సగం పెట్టవే!" అని అరిచేవాడు. "అలాగే" అని ఆవిడ ఫ్లాష్ వెనకున్న బటన్లు నొక్కేది. ఎప్పుడైనా "వెలుగు ఎక్కువేమోనండీ" అందో, ఒంటికాలి మీద లేచేవాడు.

"లెక్కలు నేను చూసుకుంటాగా! నీ తెలివి ఇంట్లో చూపించు, చాలు."

ఎదురుగా కూర్చున్నవాళ్లు నవ్వేవారు. ఆవిడా నవ్వేది, మరేం చేస్తుంది?

రెండు నెలల కిందట ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి.

ఆ తరవాత వచ్చిన మొదటి పని, ఏటేటా తీసే ఒక ఆఫీసువాళ్ల గుర్తింపు కార్డుల ఫొటోలు. ఒక్కడే చెయ్యలేకపోతే ఇక కొట్టు మూసుకోవలసిందేనని బాబాయ్‌కి తెలుసు. పక్కింటావిణ్ణి భార్యకి తోడుంచి వెళ్లాడు. ఫ్లాష్ ఆన్ చేస్తే తెర మీద ఎనిమిదో వంతు అని ఉంది. చివరిసారి ఎంత పెడితే అంతే గుర్తుంచుకునే రకం అది. చివరిసారి తను గొంతు చించుకుని చెప్పింది సగం. 'దీని పరధ్యానం పాడుగానూ' అని విసుక్కుని సగానికి మార్చాడు.

ముందు మేనేజరు కూర్చున్నాడు. ఫొటోలో నుదురూ చెంపలూ చొక్కా కలిసిపోయి సున్నం వేసిన గోడలా వచ్చాయి. మళ్లీ తీస్తే మళ్లీ గోడే. మెనూ తెరిచాడు, అదే పాట. స్టాండు దగ్గరికెళ్లి పావుకి దించాడు. ఇంకా తెలుపే. మళ్లీ వెళ్లి ఎనిమిదో వంతు పెట్టాడు. అప్పుడు మేనేజరు మొహం మొహంలా వచ్చింది.

బాబాయ్ కెమెరా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తను సగమన్న ప్రతిసారీ ఆవిడ "అలాగే" అంటూ తనకి తోచినంతే పెట్టిందన్నమాట. బాబాయ్ చెయ్యి పడితే ఫొటో అదిరిపోతుందని జనం మెచ్చుకున్నదంతా ఆవిడ బొటనవేలి చలవ. ఆయనకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

కళ్లజోడు వాళ్లకి ఒకలా, తెల్లచొక్కా వాళ్లకి ఒకలా మార్చాలి. ఆవిడకి ఒక్క చూపు చాలేది. ఈయనకి మనిషికి నాలుగుసార్లు పట్టింది. సాయంత్రానికి వరసలో ఇంకా చాలామంది మిగిలారు.

"అమ్మగారు లేకపోతే కష్టమే బాబాయ్. మిగతావాళ్లవి ఇంకెవరిచేతైనా తీయించుకుంటాంలే" అన్నాడు మేనేజరు, మర్యాదగానే.

ఇంటికొచ్చి మంచం అంచున కూర్చున్నాడు. ఫ్లాష్ ఆన్ చేసి, ఎనిమిదో వంతు చూపిస్తున్న దాన్ని ఆవిడ ఎడమచేతిలో పెట్టాడు.

"ఇన్నేళ్లూ నేను చెప్పింది పెట్టలేదు కదే నువ్వు?"

ఆవిడ కళ్లల్లో భయం కనబడింది.

"తిట్టడానిక్కాదే..." అన్నాడు.

ఆవిడ వినిపించుకోలేదు. అలవాటు లేని ఎడమ బొటనవేలితో తంటాలు పడి, ఒక్కో బటనూ వెతుక్కుని నొక్కి, వెలుగుని సగానికి తెచ్చి, సరిగ్గా పెట్టానా అన్నట్టు ఫ్లాష్‌ని ఆయన వైపు తిప్పింది.